పురాణంలో కునుకు తీస్తే పాపం లేదు

(విజయవాడలో ఎం.ఏ. తెలుగు విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినబడుతోందా? సరే. ఫ్యాను చప్పుడు కంటే నా గొంతు పైన ఉంటే చాలు.

నన్ను పిలిచిన మీ మేడమ్‌గారు ఫోనులో ఇలా అన్నారు. "మాస్టారూ, ఈ సెమిస్టరుకు పిల్లలకు విశ్వనాథవారి నవల 'వేయిపడగలు' పెట్టాం. సగం మంది కొన్నారు. కొన్నవాళ్లలో సగం మంది తెరిచారు. తెరిచినవాళ్లు కథ జరిగే ఆ సుబ్బన్నపేట పొలిమేర దాటలేదు. ఒకసారి వచ్చి నాలుగు మాటలు చెప్పండి." నాలుగు మాటలు చెప్పమంటే గంట మాట్లాడటం మా తెలుగు మాస్టర్లకు అలవాటే కాబట్టి వచ్చాను.

నిన్న సాయంత్రం ముందుగా లెనిన్ సెంటర్‌కు వెళ్లాను, పాత పుస్తకాల కొట్ల దగ్గరకు. పాత పుస్తకం కొనేటప్పుడు నేను ధర తర్వాత అడుగుతాను, ముందు అంచు చూస్తాను. మీరూ చూడండి. పుస్తకాన్ని మూసి, పక్కనుంచి పట్టుకుంటే, చదివిన పేజీలు ఎక్కడివరకో తెలిసిపోతుంది. చేతి చెమట తగిలిన పేజీల అంచు కాస్త నల్లబడి, వదులై ఉంటుంది. చదవనివి కొత్త నోట్ల కట్టలా బిగుసుకుని ఉంటాయి. నిన్న నాకు దొరికిన 'వేయిపడగలు' ప్రతిలో ముందు ఒక అరవేలు మందం నలిగి ఉంది. మిగిలినదంతా ముట్టుకోని కన్యాకుమారి. లోపల పెన్సిలుతో గీతలు. పక్కన "ముఖ్యం" అని, కాస్త కింద మళ్లీ "ముఖ్యం" అని, ఇంకో పేజీలో "చాలా ముఖ్యం" అని రాసి ఉంది. డెబ్భై నాలుగో పేజీలో ఒక బస్సు టికెట్టు. ఆ తర్వాత గీతలు లేవు. ఆ పాఠకుడు అక్కడ దిగిపోయాడు.

నేను కూడా మొదటిసారి ఇంచుమించు అక్కడే దిగిపోయాను. అందుకే ఈ మాట చెప్పే అర్హత నాకు ఉందనుకుంటున్నాను.

కొన్ని వివరాలు చెప్పి ముందుకు పోతాను, ఇవి మీకు ఎలాగూ గైడులో దొరుకుతాయి. విశ్వనాథ సత్యనారాయణగారు 1895లో నందమూరులో పుట్టారు. 1976లో గుంటూరులో పోయారు. బందరులోను, గుంటూరు ఏ.సి. కళాశాలలోను పనిచేసి, ఆ తర్వాత ఇక్కడే, మాచవరంలో ఉన్న ఎస్సారార్ కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పారు. ఆయన ఇల్లు మారుతీనగర్‌లో. అంటే మీరు చదవలేకపోతున్న పుస్తకం రాసిన మనిషి మీరు రోజూ ఆటో ఎక్కే వీధుల్లో చేతికర్రతోనో గొడుగుతోనో నడిచి ఉంటారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెడితే దానికి పంపిన నవల ఇది. బహుమతిని దీనికీ, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'కూ కలిపి పంచారు. తర్వాతి కాలంలో పి.వి. నరసింహారావుగారు దీన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. ఒక్క జాగ్రత్త. జ్ఞానపీఠం దీనికి రాలేదు, 'రామాయణ కల్పవృక్షము'కు వచ్చింది, 1970 సంవత్సరానికి. నేను జవాబుపత్రాలు దిద్దిన ఇన్నేళ్లలో ఈ తప్పు చూడని సంవత్సరం లేదు. మీరైనా నా ఆత్మకు శాంతి కలిగించండి.

ఇక వీటన్నిటికంటే ముఖ్యమైన వివరం ఒకటుంది. ఇది మాత్రం గైడులో ఒక వాక్యంగా వచ్చి పోతుంది, ఎవరూ దాని దగ్గర ఆగరు. ఈ నవలను విశ్వనాథవారు కూర్చుని రాయలేదు. ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసుకుంటూ పోయారు. ఇరవై తొమ్మిది రోజుల్లో పూర్తయిందని చెప్పుకుంటారు. వెయ్యి పేజీలను 29తో భాగించండి. రోజుకు సుమారు 34 పేజీలు వస్తాయి. ఆ తమ్ముడుగారి చేతివేళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నోటితో చెప్పిన పుస్తకాన్ని మనం కంటితో చదువుతున్నాం. మన కష్టంలో ముప్పాతిక వంతు ఇక్కడే ఉంది. నోటితో కథ చెప్పేవాడు దారి తప్పుతాడు, కావాలనే తప్పుతాడు. ఒక మనిషి పేరు వస్తే వాడి తాత దాకా వెళ్లివస్తాడు. చెప్పిందే ఇంకోలా చెబుతాడు, ఎందుకంటే వినేవాళ్లు మధ్యలో తాంబూలానికి లేచి ఉంటారని అతనికి తెలుసు. చెవికి ఇదంతా హాయిగా ఉంటుంది. కన్ను ఊరుకోదు. కన్ను తొందరమనిషి. "ఇది ఇందాక చెప్పాడు కదా" అంటుంది. "కథ ఎప్పుడు మొదలవుతుంది" అంటుంది. డెబ్భై నాలుగో పేజీలో బస్సు దిగిపోతుంది.

ఈ సంగతి నాకు తెలిసింది తరగతిలో కాదు. గుంటూరులో, బ్రాడీపేటలో, ఒక మేడమీది గదిలో.

దాదాపు నలభై ఏళ్ల కిందటి మాట. నేను ఎం.ఏ. చదువుతూ బ్రాడీపేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అక్కడ అన్నీ లైన్లూ అడ్డరోడ్లూ కదా, ఫలానా లైనులో ఫలానా అడ్డరోడ్డు అని చెబితే తప్ప మా నాన్న పంపిన ఉత్తరం చేరేది కాదు. కింద ఇంటివాళ్ల మామ్మగారు ఒక్కతే ఉండేది. కొడుకులు ఊళ్లలో. డెబ్భై దాటిన మనిషి. రెండు కళ్లకూ శుక్లాలు. చలికాలంలో ఆపరేషను చేయిస్తామని కొడుకు చెబుతూ ఉండేవాడు. ఆ చలికాలం రాను రాను వెనక్కి పోతూ ఉండేది.

ఒక సాయంత్రం నేను మెట్లమీద ఈ పుస్తకం ఒళ్లో పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉంటే, అరుగుమీద నుంచి అడిగింది. "ఏమిటి నాయనా, అంత లావు పుస్తకం? భారతమా?"

"కాదు మామ్మగారూ, నవల."

"నవల అంత లావుంటుందా! కాస్త పైకి చదువు, వింటాను. నాకు కళ్లు పోయాక పుస్తకం వాసనే లేదు. చదివినన్నాళ్లు కరెంటు డబ్బులు ఇవ్వకు."

నెలకు పది రూపాయల కరెంటు డబ్బులు. అలా నా సాహిత్యవిద్య మొదలైంది.

ఆవిడ వింటూ ఊరికే కూర్చునేది కాదు. వచ్చే కార్తీకానికి శివాలయంలో లక్షవత్తులు వెలిగిస్తానని మొక్కుకుంది. ఒళ్లో ఒక పాత పంచెముక్క పరుచుకుని, పక్కన దూది పెట్టుకుని, వత్తులు చేస్తూ ఉండేది. కళ్లతో పనిలేదు దానికి. బొటనవేలూ చూపుడువేలూ కాస్త విభూతి అద్దుకుని, దూది పాయను లాగి, ఒక్క తిప్పు తిప్పితే వత్తి. నూరు అయ్యాక దారం కట్టి బుట్టలో వేసేది. "ఇవాళ ఎన్ని చదివావు?" అని నేను చదివిన పేజీలు అడిగేది కాదు. "ఇవాళ మూడు కట్టల కథ అయింది" అనేది. మూడు కట్టలంటే మూడు వందల వత్తులు. రోజుకు మూడు వందల చొప్పున ఏడాదిలో లక్ష దాటుతాయి, లెక్క వేసుకోండి. లక్ష వత్తులు చేస్తున్నానన్న బెంగ ఆ మొహంలో నేను ఒక్కరోజు కూడా చూడలేదు. ఆవిడ దృష్టి ఎప్పుడూ చేతిలో ఉన్న వత్తి మీదే.

మొదటి రోజు నేను సిగ్గుతో గబగబా చదివాను. "ఎవరో తరుముతున్నట్టు చదువుతావేమిటి, పురాణం అలా చదవకూడదు" అంది. ఇది పురాణం కాదు, నవల అని మళ్లీ చెప్పాను. మొదలు వినగానే ఆవిడే తేల్చేసింది. ఒక పుట్ట, ఒక ఆవు, ఆ పుట్టలో పాలు, కలలో కనబడిన వేయి పడగల పాము, సుబ్రహ్మణ్యేశ్వరస్వామి వెలిసి, గుడి కట్టి, కోట కట్టి, ఊరు ఏర్పడటం. "ఇది స్థలపురాణం కాకపోతే మరేమిటి?" అంది. ఆవిడ మాటే నిజం. మన ప్రాంతంలో ఏ పాత గుడికి వెళ్లినా పూజారి చెప్పే కథ ఇదే కదా. ఆవు వెళ్లి పుట్టమీద పాలు కార్చిందని, తవ్వితే స్వామి దొరికాడని. విశ్వనాథవారు నవల అనే కొత్త ఇంటికి గుడి ముఖద్వారం పెట్టారు. ఆ ద్వారంలో మీరు చెప్పులు విప్పకుండా, ఈ మనిషి ఎవరు, వీడి సమస్య ఏమిటి, విలన్ ఎక్కడ అని వెతుక్కుంటూ లోపలికి వెళుతున్నారు. అందుకే కాలు జారుతోంది.

భాష దగ్గరకు వస్తాను. మీలో చాలామంది మొదటి పేజీలోనే భాష చూసి బెదిరిపోయారని విన్నాను. ఇది పుస్తకంలోది కాదు, మీకోసం నేను అల్లిన వాక్యం, రాసుకోండి. "ఆ గ్రామమున నొక బ్రాహ్మణుఁడు కలఁడు. అతని కొక యావు గలదు. అది సాయంకాలమునఁ బాలీయకుండెను." మౌనంగా చదివితే ముళ్లకంపలా ఉంటుంది. ఇప్పుడు నాతోపాటు పైకి అనండి. గట్టిగా, మొహమాటపడకండి. చూశారా, "గ్రామమున నొక" అన్నప్పుడు ఆ 'న' ఎక్కడినుంచి వచ్చిందో మీ నాలుకకు తెలుసు. రెండు అచ్చులు ఢీకొనేచోట ఒక చుక్క నూనె వేసినట్టు అది వచ్చి కూర్చుంది. "ఒక యావు" లో 'య' కూడా అంతే. "కలదు" కాస్తా "గలదు" అయింది, "పాలు" కాస్తా "బాలు" అయింది. వాటి వెనక సూత్రాలు మీకు వ్యాకరణం పేపర్లో ఎలాగూ తప్పవు, ఇక్కడ వాటిని తలచుకోనక్కరలేదు. ఆ సగం సున్నను పలకక్కరలేదు, దాన్ని చూసి భయపడకండి, పాత ముద్రణలకు అదొక పుట్టుమచ్చ. ఇక క్రియలు. చేయుచుండెను అంటే చేస్తూ ఉన్నాడు, చేస్తూ ఉండేవాడు. లేకుండెను అంటే లేదు. పోయెను, వచ్చెను మీకు వచ్చినవే. ఇలాంటివి పదిహేను రూపాలు చెవికి అలవాటైతే మొత్తం పుస్తకం భాష లొంగుతుంది. నేను చెబుతున్నది అతిశయోక్తి కాదు. నాకు నలభై పేజీలు పట్టింది. మీరు నాకంటే చురుకైనవాళ్లు, ముప్పైలో అయిపోతుంది.

నిఘంటువు పక్కన పెట్టుకుని ప్రతి మాటకూ వెతకకండి. వద్దు. వంట చేస్తూ ప్రతి చిటికెకూ ఉప్పు చూసేవాళ్ల కూర ఎప్పటికీ దిగదు. ఒక మాట మూడుసార్లు ఎదురైతే అప్పుడు చూడండి. ఒక్కసారే కనబడి పోయేదాన్ని పోనివ్వండి.

మామ్మగారు నాకు నేర్పిన ఇంకో సంగతి కునుకు. నేను చదువుతూ ఉండగా ఆవిడ తల ముందుకు వాలేది. చేతులు మాత్రం ఇంకా రెండు మూడు వత్తులు చేసి అప్పుడు ఆగేవి. మొదట్లో నేను చదవడం ఆపేసేవాడిని. ఆపగానే లేచేది. "ఆపావేం?" అనేది. "మీరు నిద్రపోయారు కదా" అంటే, "పురాణంలో కునుకు తీస్తే పాపం లేదు నాయనా, నువ్వు కానివ్వు" అనేది. ఆ నవలలో సంగీతం గురించీ, నాటకాల గురించీ, చదువుల గురించీ, కవిత్వం గురించీ పాత్రలు కూర్చుని చేసే చర్చలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఆవిడ కునుకులన్నీ అక్కడే. ఎక్కడ కథానాయకుడు ధర్మారావు భార్య అరుంధతి పేరు వినబడినా, ఎక్కడ దేవదాసి గిరిక పేరు వినబడినా కళ్లు తెరిచేది.

కాబట్టి పరీక్ష ఉన్నవాళ్లు అయినా సరే, మొదటి చదువులో కునుకు తీసే హక్కు మీకు ఉంది. చర్చ వచ్చి, రెండు పేజీలు చదివినా మనసు ఎక్కకపోతే, ఆ పేజీ మూలన పెన్సిలుతో ఒక చిన్న సున్న పెట్టి దాటండి. తర్వాత రావచ్చు. కథ అంతా తెలిశాక ఆ చర్చలు వేరేగా వినబడతాయి. ధర్మారావు ఎవరో తెలియకముందు అతని సాహిత్యాభిప్రాయాలు మనకెందుకు? రైల్లో పరిచయమైన మనిషి మొదటి స్టేషనులోనే తన సిద్ధాంతాలు చెబితే మనం కిటికీలోంచి బయటికి చూడమా? తెనాలి దాటాక, ఇంటినుంచి తెచ్చిన పులిహోర ఇద్దరూ పంచుకున్నాక, అతనేం చెప్పినా వింటాం.

మనుషుల పేర్లు కలిసిపోతున్నాయని మీ మేడమ్‌గారు అన్నారు. కలిసిపోతాయి. జమీందారు కృష్ణమనాయుడు, ఆయన కొడుకు రంగారావు, మనవడు హరప్పనాయుడు. వీళ్లు ఒక వరుస. కృష్ణమనాయుడి దగ్గర దివానుగా చేసిన రామేశ్వరశాస్త్రి, ఆయన కొడుకు ధర్మారావు. వీళ్లు ఇంకో వరుస. మొదటి వరుసకు కోట, రెండో వరుసకు ధర్మం. ఆస్తి ఒకరిది, బాధ్యత మరొకరిది అనుకోండి. ఇదంతా ఒక తెల్లకాగితం మీద గీసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకోండి. నేను అదే చేశాను. ఒక చిక్కు మాత్రం ముందే చెప్పేస్తాను, నన్ను తిట్టుకోకండి. ధర్మారావు రెండో భార్య పేరూ అరుంధతే. నేను మొదటిసారి పేజీలు ఏమైనా తారుమారుగా కుట్టారేమో అనుకుని పుస్తకాన్ని వెనక్కి తిప్పాను. మామ్మగారికి ఏమీ వింతగా అనిపించలేదు. "మనిషి పోయింది, పేరు ఉంది" అంది. అంతే.

ఇక గణాచారి, పసరిక, గిరిక. వీళ్ల దగ్గర చాలామంది చదువరులు పుస్తకం మీద అనుమానం పెంచుకుంటారు. పసరిక మనిషా, పామా, పైరుపచ్చదనమా? గణాచారి పిచ్చిదా, దేవతా? నేను కూడా రాత్రి పైకి వెళ్లి నోటుపుస్తకంలో రాసుకునేవాడిని, "పసరిక: ప్రతీకా? వాస్తవ పాత్రా?" అని. మామ్మగారు ఈ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడ ప్రతి నాగులచవితికీ పుట్ట దగ్గరకు వెళ్లి పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ పెట్టి, పుట్టమన్ను చెవులకు రాసుకుని వచ్చే మనిషి. పాము పాము అవుతూనే స్వామి కావడం ఆవిడకు సమస్య కాదు. మీలో ఎందరి ఇళ్లలో ఇంకా ఇది చేస్తున్నారో చేతులెత్తండి... చూశారా, సగానికి పైగా ఉన్నారు. మీ అమ్మ పుట్టమన్ను మీ చెవికి రాసినప్పుడు మీరు "ఇది ప్రతీకా అమ్మా" అని అడగలేదు కదా. పసరికను చదివేటప్పుడు ఆ చెవితో చదవండి. వ్యాసం రాసేటప్పుడు ప్రతీక అని రాసుకోవచ్చు, అభ్యంతరం లేదు.

ఇంతవరకు నేను పుస్తకానికి వకాల్తా పుచ్చుకున్నట్టు మాట్లాడాను. ఇప్పుడు రెండోవైపు.

ఈ నవలతో మీకు పేచీ వస్తుంది. రావాలి. వర్ణవ్యవస్థ సడలిపోవడాన్ని, ఇంగ్లీషు చదువులు రావడాన్ని, పాత ఊరి కట్టుబాట్లు పోవడాన్ని ఈ రచయిత నష్టాల పద్దులో రాసుకున్నాడు. ఒక్కొక్క వ్యవస్థా కూలినప్పుడల్లా ఆ పాముకు ఒక్కొక్క పడగ పోయినట్టు. మీలో కొందరి తాతముత్తాతలకు, ఆ పోయిన పడగల్లో కొన్ని కాటువేసిన పడగలు. వాటి కోసం మీరు కన్నీళ్లు పెట్టాలని ఎవరూ అనలేరు. నా తరగతిలో ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఈ సుబ్బన్నపేటలో మా పేట ఏ పేజీలో ఉంది?" అని అడిగాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. మరుసటి వారం 'మాలపల్లి' తీసుకొచ్చి అతనికిచ్చాను. ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైల్లో రాసిన నవల, 1922లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఉన్నవవారూ మన గుంటూరు మనిషే, అక్కడ ఆడపిల్లల చదువుకోసం శారదానికేతనం పెట్టినవారు. 'వేయిపడగలు' కంటే పన్నెండేళ్ల ముందు ఆ పుస్తకం ఊరిని రెండో చివరినుంచి చూసింది. మాలపల్లెలోని రామదాసు ఇంటినుంచి. ఈ రెండు పుస్తకాలనూ ఒకే బల్లమీద పెట్టుకోండి. దీంట్లో వంద పేజీలు చదివి అలసిపోతే దాంట్లో పాతిక పేజీలు చదవండి. ఒకదానిమీద వచ్చిన కోపం రెండోదాన్ని చదివిస్తుంది. కోపాన్ని మించిన దీపం లేదు రాత్రిపూట చదువుకు.

మామ్మగారికీ పేచీ వచ్చింది. ఆవిడ పేచీ వేరు. ధర్మారావు ఎంత గొప్పవాడో నేను ఒక సాయంత్రం ఉత్సాహంగా చదువుతున్నాను. ఉద్యోగం పోయినా మాట మార్చుకోడు, చేతిలో ఉన్నది ఎవరికో ఇచ్చేస్తాడు. ఆవిడ వత్తి చేయడం ఆపేసింది.

"అది సరే. ఆ పూట అరుంధతి ఏం వండింది?"

నేను పేజీలు తిప్పాను. "అది రాయలేదు మామ్మగారూ."

"రాయరు. బియ్యం లేని ఇంట్లో ధర్మం ఎలా ఉంటుందో వండేవాళ్లను అడగాలి."

పిల్లలూ, నేను ఆ తర్వాత ఎన్నో విమర్శ గ్రంథాలు చదివాను, కొన్ని వ్యాసాలు నేనూ రాశాను. ఈ నవలమీద అంతకంటే పదునైన ప్రశ్న నాకు ఎక్కడా దొరకలేదు. ఆ రోజునుంచి నేను పుస్తకం అంచున 'అ' అని రాసుకోవడం మొదలుపెట్టాను. ధర్మారావు ఒక మంచిపని చేసిన ప్రతిచోటా అరుంధతి ఏం చేస్తూ ఉంటుంది, ఏం తింటూ ఉంటుంది అని. కొన్నిచోట్ల రచయిత చెబుతాడు, చాలా చక్కగా చెబుతాడు, గుండె పట్టేస్తుంది. కొన్నిచోట్ల చెప్పడు. ఆ చెప్పనిచోట్లు కలిపితే నాకు ఎం.ఏ.లో ఒక వ్యాసం అయింది. దానికి మంచి మార్కులు కూడా వచ్చాయి. మామ్మగారికి చెబితే "నా వాటా ఏది?" అంది. కందిపొడి చేసుకోమని అరకిలో కందిపప్పు కొనిచ్చాను.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. "ధర్మారావు ఆదర్శ పాత్ర. అతడు సనాతన ధర్మానికి ప్రతినిధి." ఈ రెండు వాక్యాలు ఒక్క సంవత్సరంలో నేను కొన్ని వందల కాగితాలమీద చదివి ఉంటాను. అన్నీ ఒకే గైడునుంచి దిగినవి, కామాతో సహా. దిద్దేవాడు కూడా మనిషే, మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటాడు, నిద్ర వస్తూ ఉంటుంది. ఆ నిద్రలో "అరుంధతి ఆ పూట ఏం వండింది?" అని ఒక్క వాక్యం కనబడితే లేచి కూర్చుంటాడు. మీ సొంతంగా ఒక్క ప్రశ్న ఉంటే చాలు, మిగిలినదంతా గైడునుంచి తెచ్చినా నేను చూసీ చూడనట్టు పోయేవాడిని. మీ మేడమ్‌గారు నన్ను గుర్రుగా చూస్తున్నారు, ఈ మాట రికార్డులో ఉంచకండి.

ఎన్ని రోజుల్లో చదవాలి అని అడుగుతారు. ఇరవై తొమ్మిది రోజుల్లో వద్దు, అది చెప్పినాయన లెక్క. రోజుకు పది పేజీలు, పైకి, గట్టిగా. నూరు రోజులు. హాస్టల్లో ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు చదువుతూ ఉంటే మిగిలినవాళ్లు బట్టలు మడతపెట్టుకోండి, చిక్కుడుకాయలు వలవండి, ఏదో ఒక చేతిపని చేయండి. చేతికి పని ఉంటే చెవి తీరికగా ఉంటుంది. ఫోను మాత్రం చేతిపని కాదు.

మా చదువు ఏమైందో చెప్పలేదు. కార్తీకం వచ్చేసరికి లక్షవత్తులు పూర్తయ్యాయి. శివాలయంలో పెద్ద మూకుడులో నేతిలో తడిపి వెలిగించారు. మా పుస్తకం ఇంకా రెండు వందల పేజీలు ఉంది. ఇక వత్తులు లేవు కాబట్టి వింటూ ఊరికే కూర్చోవడం ఆవిడకు చేతకాలేదు, రెండు రోజులు చికాకుపడి, మూడోరోజు మళ్లీ దూది తెచ్చుకుంది, వచ్చే ఏడాదికి. మాఘంలో చివరి పేజీ చదివాను. వేయి పడగల్లో ఒక్కొక్కటే పోయి, చివరికి దాంపత్యమనే పడగ మిగులుతుంది కదా. నేను పుస్తకం మూశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. కునుకు తీస్తోందేమో అనుకున్నాను.

"ఇంతా చేసి మిగిలింది మొగుడూ పెళ్లామేనా?" అంది.

అవునన్నాను.

"మా ఇంట్లో అదీ మిగల్లేదు" అని, చేతిలో ఉన్న వత్తిని తిప్పి బుట్టలో వేసి, "సరే, వాళ్లకైనా మిగిలింది" అంది.

నాకు ఇచ్చిన సమయం అయిపోయినట్టుంది. ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(ఒక విద్యార్థిని: "మాస్టారూ, ముందు సంక్షిప్త కథ చదివేసి, తర్వాత నవల చదవచ్చా?")

చదవచ్చమ్మా. రామాయణం కథ తెలియకుండా హరికథకు ఎవరు వెళతారు? కథ తెలిసే వెళతాం, దాసుగారు ఎలా చెబుతాడో వినడానికి. అయితే సంక్షిప్తం చదివి పుస్తకం పక్కన పెట్టేస్తే మాత్రం, హరికథ బయట గోడమీది కాగితం చదివి ఇంటికి వెళ్లిపోయినట్టే.

(ఒక విద్యార్థి: "మీరు ఇప్పటికీ దాటేసిన భాగాలు ఏమైనా ఉన్నాయా?")

ఇది ఎవరో అడగాలని భయపడుతూనే ఉన్నాను. ఉన్నాయి. పెన్సిలు సున్నలు పెట్టి వదిలేసినవాటిలో చాలావరకు తర్వాత చదివాను. కొన్ని సున్నలు ఇంకా సున్నలుగానే ఉన్నాయి. నిన్న రాత్రి ఆ లెనిన్ సెంటర్ ప్రతిని ఇంటికి తీసుకెళ్లి, వాడు ఆపినచోటినుంచి, ఆ బస్సు టికెట్టు దగ్గరనుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. పదకొండు పేజీలు చదివాను. ఆ తర్వాత కన్ను మూతపడింది. పొద్దున లేచేసరికి టికెట్టు మంచం కింద పడి ఉంది. మా మనవరాలు దాన్ని పట్టుకుని "తాతయ్యా, ఇది ఏ పేజీలో పెట్టాలి?" అని అడిగింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నీకు నచ్చినచోట పెట్టమ్మా అన్నాను.